మళ్ళీ మళ్ళీ ప్రారంభమైన రేడియో

మోగని రేడియోను మించిన మంచి రేడియో ఈ భూమ్మీద లేదు!

కోప్పడకండి. కాస్త ఆలోచించండి. మోగే రేడియో వల్ల మీకు ఒరిగిందేమిటి? పళ్ళపొడి ప్రకటనలు, వద్దన్నా వినిపించే పాటలు, మధ్యలో ఎవరో గలగలా నవ్వడం. మన విశ్వవిద్యాలయం రేడియో అలాంటిది కాదు. యాభై ఏళ్ళుగా ఉంది. ఒక్కరికైనా తలనొప్పి తెప్పించిందా? చెట్ల కింద కూర్చుని గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలను ఒక్కసారైనా కదిలించిందా? శ్రోతల నుంచి ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు కూడా లేదు. ఫిర్యాదు చేయాలంటే ముందు వినాలి కదా!

అలాగని అది ఖాళీగా కూర్చుందనుకుంటే మహాపాపం. అది ప్రారంభమవుతూనే ఉంది. మన క్యాంపస్‌లో ఓ పద్ధతి ఉంది. కొత్త వైస్ చాన్సలర్ రాగానే, పాత వైస్ చాన్సలర్ ప్రారంభించినదంతా ఆగిపోతుంది. ఆయన వచ్చి రిబ్బన్ కత్తిరించేదాకా ప్రసారం చేయడం మర్యాద కాదు. ఆయనకు తీరిక దొరికేసరికి సగం పదవీకాలం గడుస్తుంది. ప్రారంభించాక ట్రాన్స్‌మిటర్ కొన్నాళ్ళు ఆడుతుంది. అది కాస్త వేడెక్కేసరికి ఇంకో వైస్ చాన్సలర్!

ఇలా మన రేడియో ఒకసారి ‘అక్షరధ్వని’ అయింది, ఇంకోసారి ‘జ్ఞానతరంగం’ అయింది, ఈ మధ్య ‘క్యాంపస్ కనెక్ట్’ అయింది. పేరు మారినప్పుడల్లా గోడకు ఒక పాలరాతి ఫలకం. ఇప్పుడా గోడకు సున్నం కొట్టాల్సిన పని లేదు, ఎక్కడా గోడే కనపడదు. నల్లకుంటలో పూలదండలవాళ్ళు, తార్నాకలో సమోసాలవాళ్ళు ఈ రేడియో ప్రారంభోత్సవాల మీదే పిల్లలను చదివించుకున్నారు. ఏ ఆకాశవాణికైనా ఇంతటి ప్రజాసేవ సాధ్యమా?

మధ్యలో టెలివిజన్ కూడా వచ్చింది. దాని వైభవం చెప్పనక్కర్లేదు. వార్తలు చదివే బల్ల మీద జవాబు పత్రాల కట్టలు పేర్చారు. మేకప్ గదిలో విరిగిన కుర్చీలు విశ్రాంతి తీసుకుంటున్నాయి. స్టూడియోలో ఏసీ ఒక్కటే పనిచేస్తుంది, దాన్ని ఎవరూ ప్రారంభించలేదు మరి.

ఇంత చక్కటి సంస్థలో సుధామయి అనే ప్రోగ్రామ్ ఆఫీసర్ ఉంది. ఉద్యోగం వచ్చిన నాటి నుంచీ ఆమెకు ఒకటే జబ్బు. రేడియో అంటే జనం వినాలనుకుంటుంది. తార్నాకలో సొంత ఫ్లాటు, నెలనెలా జీతం, వినేవాడు లేడు కాబట్టి తప్పు పట్టేవాడూ లేడు. సుఖంగా ఉండొచ్చు కదా? ఉండలేదు. స్వర్ణోత్సవం వస్తోంది, స్టేషన్ చరిత్ర తయారుచేయమని డైరెక్టర్ రత్నాకర్ గారు పురమాయిస్తే, అందరిలా ఫలకాల మీద పేర్లు ఎక్కించుకుని ఊరుకోకుండా టేపుల బీరువా తెరిచింది.

అసలు చిక్కు అప్పటికే మొదలైంది. చిక్కు పేరు భారతమ్మ. లేడీస్ హాస్టల్ మెస్సులో వంట చేసి రిటైరై, పక్కనే మాణికేశ్వర్ నగర్‌లో ఉంటోంది. ఆమె అక్క ఉప్పలమ్మ ముప్పై ఏళ్ళ కిందట ఈ స్టూడియోకు వచ్చి నాట్ల పాటలు పాడింది. రేపు రేడియోలో వస్తుందని చెప్పి పంపారు. ఆ మరునాడే వైస్ చాన్సలర్ మారారు. పద్ధతి ప్రకారం ప్రసారం ఆగింది. ఉప్పలమ్మ ఒక చిన్న రేడియో కొనుక్కుని, నారు పీకుతున్నా కలుపు తీస్తున్నా గట్టు మీద పెట్టుకుని వినేదట. పాట రాలేదు. చివరికి మంచంపట్టినప్పుడు కూడా రేడియో తలగడ పక్కనే ఉంది. అప్పుడూ రాలేదు.

స్వర్ణోత్సవం సంగతి తెలిసి భారతమ్మ వచ్చి సుధామయిని అడిగింది. ఈసారి తప్పకుండా వేయిస్తానని సుధామయి మాటిచ్చింది. ఇలాంటి మాటలు ఇచ్చేముందు ఫైలు పెట్టాలని ఆమెకెవరూ నేర్పలేదు.

బీరువాలో ‘ఉప్పలమ్మ - నాట్ల పాటలు’ అని రాసిన టేపు దొరికింది. సుధామయి సంబరపడి మిషన్‌కు ఎక్కించి మీట నొక్కింది. ఉప్పలమ్మ పాడలేదు. అప్పటి వైస్ చాన్సలర్ గారు టెలివిజన్ విభాగాన్ని ప్రారంభిస్తూ ఉపన్యసించడం మొదలుపెట్టారు.

ఇందులో ఎవరి తప్పూ లేదు, మనవి చేసుకుంటున్నాను. కొత్త టేపు కొనాలంటే ఎన్ని సంతకాలు! అందుకే ప్రతి ప్రారంభోత్సవానికీ ఒక పాత టేపు తీసి, దాని మీదే ఉపన్యాసం ఎక్కించేవారు. ఏ టేపు తీయాలి? ప్రొఫెసర్ల పాఠాలు చెరిపితే ప్రొఫెసర్లు ఊరుకోరు. విద్యార్థుల నాటకాలు చెరిపితే సంఘాలు ధర్నాకు దిగుతాయి. నాట్లు వేసేవాళ్ళు ధర్నాకు రారు, వాళ్ళకు నాట్లు ఉంటాయి. కాబట్టి న్యాయంగా ఆలోచించి ఉప్పలమ్మను తీశారు.

సుధామయికి ఏడుపొచ్చింది. ఉపన్యాసాన్ని ఆపడానికి కూడా చెయ్యాడక అలాగే వింటూ కూర్చుంది. పల్లె ప్రజల గొంతును కంటికి రెప్పలా కాపాడుకోవడమే ఈ కేంద్రం ధ్యేయమని వైస్ చాన్సలర్ గారు టేపులోంచి చెబుతున్నారు. ఆయనకు ఆ రోజు జలుబు చేసినట్టుంది, రెండు మూడుసార్లు దగ్గి తొందరగానే ముగించారు. చప్పట్లు వినిపించాయి. ఆ తర్వాత గరగరమని ఒక చప్పుడు, వెనకే ఉప్పలమ్మ గొంతు! ఉపన్యాసం పొట్టిదైనందువల్ల టేపు చివర పాట కొంత బతికిపోయింది.

ఆ ముక్కను సుధామయి వెంటనే ఫోన్‌లోకి ఎక్కించుకుని మాణికేశ్వర్ నగర్ పరిగెత్తింది. భారతమ్మ ఫోన్ వైపు చూసింది కానీ చేయి చాపలేదు.

“ఫోన్ల వద్దు బిడ్డా,” అంది. “రేడియోల వస్తదని చెప్పిన్రు మా అక్కకు. రేడియోల్నే రావాలె.”

పోనీ, స్వర్ణోత్సవం సభకు రమ్మని సుధామయి పిలిచింది. దానికీ ఒప్పుకోలేదు. సభకొచ్చి కూర్చుంటే రేడియోలో వినడం ఎట్లయితది అని ఎదురు ప్రశ్న వేసింది. అక్క రేడియో ఇంకా ఉంది, కొత్త బ్యాటరీలు వేసి పెట్టుకుంటానంది.

సుధామయి వెళ్ళి డైరెక్టర్ గారికి విన్నవించుకుంది. రత్నాకర్ గారు ఉపన్యాసం విని పొంగిపోయారు. ఇంత చారిత్రక సంపద మన బీరువాలో ఉందా అని మురిసిపోయి, సభలో ముందు ఆ పాత ఉపన్యాసం వినిపించాలన్నారు. దాని వెనకే, అదే టేపు మీద, ఇప్పటి వైస్ చాన్సలర్ గారి స్వర్ణోత్సవ సందేశాన్ని రికార్డు చేయాలన్నారు. రెండు తరాల వాణి ఒకే టేపులో! పాట మాటేమిటని సుధామయి అడిగింది.

“టేపు చివర కొంచెం ఖాళీ ఉందన్నావు కదమ్మా, అక్కడే చేద్దాం,” అన్నారు రత్నాకర్ గారు.

ఆ ఖాళీలోనే ఉప్పలమ్మ ఉందని సుధామయి రెండుసార్లు చెప్పింది, మూడోసారి చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది.

స్వర్ణోత్సవం ఘనంగా జరిగింది. కొత్త ఫలకం పెట్టడానికి గోడ చాలక పక్క గోడ మొదలుపెట్టారు. రిబ్బన్ తెగింది, ట్రాన్స్‌మిటర్ మేల్కొంది, సభ నేరుగా ప్రసారమైంది. కంట్రోల్ రూమ్ అద్దం వెనక సుధామయి కూర్చుంది. ఉపన్యాసం అవగానే టేపు ఆపి, రికార్డు మీట నొక్కాలని ఆమెకు గట్టి ఆదేశం.

పాత వైస్ చాన్సలర్ గారి గొంతు సభ నిండా మోగింది. ప్రజల గొంతును కాపాడతామన్నారు, దగ్గారు, ముగించారు. టేపులో చప్పట్లు, సభలో చప్పట్లు. కొత్త వైస్ చాన్సలర్ గారు లేచి, మైకు ముందుకొచ్చి, కాగితం విప్పారు. అద్దం అవతల నుంచి రత్నాకర్ గారు ఆపమని సైగ చేశారు. సుధామయి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. ఆమెకు భయంగానే ఉంది.

గరగరమంది. ఆ వెంటనే ఉప్పలమ్మ అందుకుంది.

‘నీళ్ళల్ల నిలబడ్డ నారమ్మ నువ్వు
నిలదొక్కుకున్నంకనే నేనింటికొస్త...’

వైస్ చాన్సలర్ గారు కాగితం పట్టుకుని నిలబడ్డారు. ఇది కార్యక్రమంలో భాగమేమోనని ఆయన అనుమానం. ఆయన నిలబడ్డారు కాబట్టి ముందు వరుస లేచి నిలబడింది. ముందు వరుస లేచింది కాబట్టి సభంతా లేచింది. రత్నాకర్ గారు సైగలు మానేసి చేతులు కట్టుకున్నారు. ఏ పల్లె పాటకైనా ఇంతటి గౌరవం ఎన్నడైనా దక్కిందా చెప్పండి!

పాట అయిపోయింది. టేపు ఇంకా తిరుగుతోంది. ఉప్పలమ్మ ఊపిరి పీల్చుకుని అడిగింది, “అయిపాయెనా సారూ? మరి రేడియోల ఎప్పుడొస్తది?”

రికార్డు చేసిన ఆ నాటి ఉద్యోగి ఎవరో గానీ, గొంతు మహా హుషారుగా ఉంది. “రేపేనమ్మా, రేపే వస్తది,” అన్నాడు.

సభలో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. వైస్ చాన్సలర్ గారు ఒకసారి గొంతు సవరించుకుని తన సందేశం చదివారు. బాగానే చదివారట. ఏం చదివారో ఎవరికీ గుర్తులేదు, రికార్డూ లేదు. మన స్టేషన్ చరిత్రలో టేపుకెక్కని ప్రారంభోపన్యాసం ఇదొక్కటే! ఈ నష్టం పూడ్చలేనిది.

సభ అవుతూండగానే సుధామయి ఫోన్ మోగింది. అవతల భారతమ్మ. పక్కన చిన్న రేడియోలో వందన సమర్పణ వినిపిస్తోంది.

“వచ్చింది బిడ్డా,” అంది. “రేడియోల్నే వచ్చింది.”

మర్నాడు సుధామయికి మెమో వచ్చింది. టేపు మీద వైస్ చాన్సలర్ గారి సందేశాన్ని ఎందుకు రికార్డు చేయలేదో సంజాయిషీ ఇవ్వాలి. సంజాయిషీ ఎలా రాయాలో తోటివాళ్ళు బోలెడు సలహాలిచ్చారు. కరెంటు పోయిందని రాయమన్నారు, మీట పనిచేయలేదని రాయమన్నారు. మిషన్ మీద నెపం వేస్తే అది బాధపడదు కదా అన్నారు. సుధామయి అవేవీ రాయలేదు. ఒకే ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టి పంపింది.

‘టేపులో ఖాళీ లేదు సార్.’