ముగ్గురిని ముంచిన ఈత టీచరు

ఆ శుక్రవారం పొద్దున మందులాయన పెట్టుకున్న పని ఒక్కటే. తన మందుల షాపు తెరిచే ముందు రెండు కుర్చీలు కొనాలి. ఇంట్లో కుర్చీలు లేక కాదు, ఉన్నవాటిలో నాలుగు కాళ్ళూ సమంగా ఉన్నవి మూడే. ఆదివారం భోజనానికి వచ్చే మనిషిని ఊగిసలాడే కుర్చీలో కూర్చోబెడితే పరువు పోతుందని భార్య రెండు రోజులుగా చెవిలో పోరుతోంది.

వచ్చేది అతనికి కాబోయే పిన్ని. తల్లి పోయి చాలా ఏళ్ళయింది. తండ్రి ఉద్యోగమున్నన్నాళ్ళూ బస్సు నడిపి, మానేశాక మోకాళ్ళ నొప్పులతో చతికిలపడ్డాడు. షాపులో దొరికే తైలాలన్నీ కొడుకు ఆ మోకాళ్ళ మీద ప్రయోగించి ఓడిపోయాడు. చివరికి డాక్టరు ఈత కొట్టమన్నాడు. గొడుగున్నా వానలోకి అడుగుపెట్టని పెద్దాయన బిక్కుబిక్కుమంటూ ఈతకొలనుకు వెళ్ళాడు. కొన్నాళ్ళకు మోకాళ్ళు కుదురుకున్నాయి. ఒకనాడు తల తుడుచుకుంటూ, "ఒరేయ్, నేను పెళ్ళి చేసుకుంటున్నాను. మా ఈత టీచర్ని" అని, సాయంత్రం కాస్త ఆలస్యంగా వస్తానన్నంత తేలిగ్గా చెప్పేశాడు.

మందులాయన చెప్పులు వేసుకుంటుండగా చెల్లెలు ఫోన్ చేసింది. ఆమె వేరే ఊళ్ళో బీమా ఆఫీసులో పనిచేస్తుంది. ఎవరినీ ఊరికే నమ్మకపోవడమే అక్కడ ఆమె ఉద్యోగం.

"అన్నయ్యా, కుర్చీలు ఎక్కడికీ పారిపోవు. ముందు ఆవిడ మీద కేసులేమైనా ఉన్నాయేమో చూశావా?"

"కేసులేంటే? ఈత నేర్పే ఆవిడ."

"అయితే? ఈత నేర్పేవాళ్ళ మీద కేసులుండకూడదని రూలుందా? కోర్టు వెబ్‌సైటు తెరిచి పేరు కొట్టు. ఎవరైనా చూడొచ్చు, దొంగచాటు పనేం కాదు. క్రిమినల్‌వి ఒకచోట, సివిల్‌వి ఒకచోట ఉంటాయి. రెండూ చూడు."

"నాన్నకి తెలిస్తే?"

"ఎలా తెలుస్తుంది? నువ్వు నోరు మూసుకుని చూడు, చాలు."

చెల్లెలు అడిగింది అదొక్కటే. అదొక్కటే అతని వల్ల కాలేదు.

కుర్చీల సంగతి సాయంత్రానికి వాయిదా వేసి షాపు తెరిచి, గల్లాపెట్టె పక్కనున్న కంప్యూటరు ముందు కూర్చున్నాడు. వెబ్‌సైటు లోపలికి రానిచ్చే ముందు వంకరటింకర అక్షరాలు చూపించి, నువ్వు మనిషివేనా అని అడిగింది. మనిషినేనని ఒప్పించడానికి అతనికి నాలుగు ప్రయత్నాలు పట్టాయి. సివిల్ వైపు ఏమీ రాలేదు. "హమ్మయ్య" అనుకుని క్రిమినల్ వైపు పేరు కొట్టాడు.

ఒక కేసు వచ్చింది. అదే పేరు, అదే ఇంటిపేరు. మోసం. ఫిర్యాదుదారులు ముగ్గురు. విచారణ నడుస్తోంది.

మందులాయనకు తండ్రి పింఛను, ఇల్లు, ఆ అమాయకపు నవ్వు అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. చెల్లెలికి ఫోన్ కలిపాడు. అవతల సరిగ్గా వినపడటం లేదు. గొంతు పెంచాడు.

"మామూలుది కాదే ఆ ఈత టీచరు! ముగ్గుర్ని ముంచేసిందట! అవునే, ముంచేసింది! ముగ్గుర్ని! కోర్టులో కేసు నడుస్తోంది!"

ఫోన్ పెట్టేసి తలెత్తేసరికి కౌంటరు ముందు దగ్గుమందు కోసం వచ్చిన ఒకావిడ నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

"ఏమిచ్చేదండీ?" అన్నాడు.

ఆవిడ దగ్గూ మర్చిపోయింది, మందూ మర్చిపోయింది. పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. ఆవిడ కొడుకు సరిగ్గా ఆ సమయానికి ఈతకొలనులో, ఆ టీచరు చేతుల మీద, బోర్లా పడుకుని కాళ్ళు కొట్టుకుంటున్నాడు.

మధ్యాహ్నానికి భార్య ఫోన్ చేసింది.

"ఏవండీ, ఈ ఘోరం విన్నారా? ఎక్కడో ఒక ఈత టీచరు ఐదుగురు పిల్లల్ని నీళ్ళలో ముంచి చంపేసిందట! పక్కింటావిడ చెప్పింది. అందులో ఒకడు పాలుతాగే పసివాడట!"

"పసివాడికి ఈతేంటే?"

"అదే నేనూ అడిగాను. అందుకేనండీ మునిగిపోయాడు అంది."

ఈ కబురు ఎక్కడ పుట్టిందన్న అనుమానం మందులాయనకు ఇసుమంత కూడా రాలేదు. సరికదా, తన పరిశోధనకు బలమైన సాక్ష్యం దొరికిందనుకున్నాడు. మళ్ళీ చెల్లెలికి ఫోన్ చేశాడు.

"హత్యలు కూడా ఉన్నాయే! ఐదు!"

"మరి పొద్దున రికార్డులో రాలేదేం?"

"ఇంకా ఎక్కించి ఉండరు. గవర్నమెంటు పని."

ఇక లాభం లేదని షాపు మూసి కోర్టుకు బయలుదేరాడు. ఉత్త మాట చెబితే తండ్రి నమ్మడు, కాగితం చేతిలో పెట్టాల్సిందే. కోర్టు రికార్డుల గదిలో గోడవారగా రెండు కంప్యూటర్లున్నాయి. వచ్చినవాళ్ళు కూర్చుని వెతుక్కోవచ్చు. బల్ల వెనకున్న గుమాస్తా ఆవలింత ఆపుకుని, "ఇదంతా ఇంటి దగ్గరే చూసుకోవచ్చు కదండీ, ఇంతదూరం వచ్చారేం?" అన్నాడు.

"ఇది ప్రాణాల మీదికొచ్చిన విషయమండీ" అని మందులాయన గంభీరంగా కూర్చున్నాడు.

మళ్ళీ వంకర అక్షరాలు, మళ్ళీ పేరు, మళ్ళీ అదే కేసు. అప్పుడు కనపడింది, పేరు పక్కనే 'వివరాలు' అన్న బొత్తాం. షాపులో చూసినప్పుడూ అది అక్కడే ఉంది. పేరు చూడగానే గుండె గుభేల్‌మనడంతో అతను దానిదాకా వెళ్ళలేదు. ఇప్పుడు నొక్కాడు.

నిందితురాలి వయసు ఇరవై ఏడు. వృత్తి, పాత కార్ల వ్యాపారం. చిరునామా ఎక్కడో ఊరికి అవతలి కొస.

టీచరుకు అరవై దగ్గరపడుతున్నాయి. కారు నడపడం కూడా రాదు. రోజూ ఇంటి దగ్గర దింపేది తన స్కూటరే అని తండ్రి గర్వంగా చెప్పుకుంటాడు.

మందులాయన గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది. తండ్రికి చెప్పకముందే నిజం తెలిసింది కదా అని మురిసిపోయాడు. ఆ సంతోషంలో మంచి కుర్చీలే కొని, చంకకొకటి తగిలించుకుని ఇంటికి చేరాడు.

వరండాలో తండ్రి కూర్చుని ఉన్నాడు. భుజం మీద తువ్వాలు మడత కూడా విప్పలేదు.

"ఈతకెళ్ళలేదా నాన్నా?"

"కొలనుకి తాళం వేశారురా. ఎవడో వెధవ, మా టీచరు పిల్లల్ని నీళ్ళలో ముంచేస్తోందని పుకారు పుట్టించాడు. తల్లులంతా మీదపడి పిల్లల్ని లాక్కుపోయారు. యజమాని ఆవిణ్ణి ఇంటికి పొమ్మన్నాడు. ఇరవై ఏళ్ళుగా పనిచేస్తోందక్కడ. బయటికొచ్చేటప్పుడు నావైపు కూడా చూడలేదురా."

కుర్చీలు మందులాయన చంకల్లోంచి జారలేదు. అతనే కాస్త కిందికి జారాడు. 'ముంచేసింది' అన్న మాట తన గొంతుతోనే చెవుల్లో మోగింది. దగ్గుమందు ఆవిడ తెరిచిన నోరు గుర్తొచ్చింది.

"ఎవడో... తెలిసిందా నాన్నా?"

"తెలుస్తుంది. ఆవిడ ఊరుకునే రకం కాదు. నీకెవరు చెప్పారు, నీకెవరు చెప్పారు అని ఇల్లిల్లూ అడుగుతూ వెనక్కి వెళ్తోంది. వాడు దొరకనీ."

శనివారమంతా మందులాయన షాపులో కూర్చుని ప్రతి అడుగుల చప్పుడుకూ ఉలిక్కిపడ్డాడు. రాత్రి ఇంట్లో తండ్రితో చెప్పేయాలని ఐదారుసార్లు నోరు తెరిచాడు. తెరిచిన ప్రతిసారీ ఏదో ఒక మాత్ర పేరు బయటికొచ్చింది.

ఆదివారం సరిగ్గా భోజనాల వేళకు టీచరు వచ్చింది. పొట్టి జుట్టు, నిటారు నడక, కళ్ళు ఎర్రగా ఉన్నా ముఖంలో బెదురు లేదు. కొత్త కుర్చీలో కూర్చుంది.

"దొరికాడా?" అన్నాడు తండ్రి.

"పదిహేను ఇళ్ళు తిరిగానండీ. చివరికి పుకారు ఒకావిడ దగ్గర ఆగింది. మందుల షాపులో విన్నానంది. నిన్న వెళ్ళి ఆ షాపు బోర్డు చూసి, వాడి పేరు రాసి మా యజమాని చేతిలో పెట్టేశాను. ఆయన దావా వేయమని లాయరుకి చెప్పేశాడు కూడా."

ఆ షాపు ఎవరిదో మందులాయన భార్యకు తట్టలేదు. "మంచి పని చేశారు, అలాంటివాళ్ళని వదలకూడదు" అంటూ మంచినీళ్ళ గ్లాసు అందించింది.

తండ్రి ఉత్సాహంగా కొడుకు వీపు తట్టాడు. "అన్నట్టు మీకు చెప్పనేలేదు. మావాడు వ్యాపారం అన్నాను కదా. వీడిదీ మందుల షాపే!"

టీచరు గ్లాసు కింద పెట్టింది.

"మలుపులో, ఆకుపచ్చ బోర్డుదా?"

"అదే, అదే!" అన్నాడు పెద్దాయన మురిసిపోతూ. ఆ తర్వాత మురిపెం ఆగిపోయింది. కొడుకు ముఖం చూశాడు.

మందులాయన అంతా చెప్పేశాడు. వెబ్‌సైటు, అదే పేరు, పాత కార్లు, ముంచడం, ఏదీ దాచలేదు. భార్య తల పట్టుకుంది. 

"నన్నడగొచ్చు కదరా" అన్నాడు తండ్రి.

"భయమేసింది నాన్నా. నిన్నెవరైనా..."

"నాకూ భయంగానే ఉందిరా, ఈ వయసులో. అయినా ధైర్యం చేశాను. నువ్వు అది కూడా చెడగొట్టావు."

ఆ మాటకు మందులాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టీచరు మాత్రం అతన్ని ఎగాదిగా చూస్తోంది.

"మీకు ఈతొచ్చా?"

"రాదండీ."

"అయితే సాయంత్రం కొలను దగ్గరకి రండి. తువ్వాలు తెచ్చుకోండి."

సాయంత్రానికి టీచరు తల్లులందరినీ పిలిపించింది. యజమానిని బతిమాలి తాళం తీయించింది. మందులాయన తండ్రి దగ్గర అరువు తెచ్చుకున్న వదులు నిక్కరులో వణుకుతూ నీళ్ళలో నిలబడి, తన తప్పు గట్టిగా చెప్పుకున్నాడు. వెనకున్నవాళ్ళకి వినపడలేదంటే మళ్ళీ చెప్పాడు.

"పుకారు పుట్టించింది ఈయన. నేను మనుషుల్ని ముంచుతాననీ ఈయనే అన్నాడు. సరే, చూడండి" అని టీచరు అతని నెత్తి మీద చెయ్యి వేసి లోపలికి నొక్కింది.

నీళ్ళు చెవుల్లోకి, ముక్కులోకి, ఇన్నాళ్ళూ దాచుకున్న గౌరవంలోకి దూరాయి. పైకి లేవగానే గుడ్లు తేలేసి దగ్గాడు.

"బతికే ఉన్నాడుగా?" అంది టీచరు. గట్టు మీద పిల్లలు కేరింతలు కొట్టి, "ఇంకోసారి!" అని అరిచారు. దగ్గుమందు ఆవిడ కొడుకు అందరికంటే గట్టిగా అరిచాడు. టీచరు పిల్లల మాట కాదనే మనిషి కాదు. మూడోసారి ముంచినప్పుడు తండ్రి కూడా నవ్వాడు. ఆ నవ్వు కోసం ఇంకో మూడుసార్లు మునగడానికైనా మందులాయన సిద్ధపడ్డాడు.

సోమవారం నుంచి పిల్లలంతా తిరిగొచ్చారు. యజమాని తాపీగా కాఫీ తాగి, దావా వద్దని చెప్పడానికి లాయరుకి ఫోన్ చేశాడు. లాయరు చాలా చురుకైన మనిషి. అప్పటికే, కోర్టు తలుపులు తెరవగానే, దాఖలు చేసేశాడు. ఆ తర్వాత వెనక్కి తీసుకోవడానికి ఇంకో అర్జీ పెట్టాల్సి వచ్చింది. తండ్రి పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో చల్లగా జరిగింది. సాక్షి సంతకం మందులాయనే పెట్టాడు. పిన్ని అతనికి వారానికి రెండు రోజులు ఈత నేర్పుతోంది.

కొన్ని నెలలకు పక్క పేటలో రెండో షాపు పెడదామని అద్దెకు గది అడిగితే, ఆ ఇంటాయన నసిగాడు. "మీ పేరు కొట్టి చూశానండీ. ఏదో ముంచిన కేసు..."

మందులాయన పరుగున కోర్టుకు వెళ్ళి, దాన్ని తీసేయడం ఎలాగని అడిగాడు. గుమాస్తా ఆవలింత ఆపుకుని, అది అందరూ చూసుకోవడానికే అక్కడ పెట్టారని చెప్పాడు.

కేసు కొట్టేశారు, నిజమే. పేరు కొడితే మాత్రం ఇప్పటికీ వస్తుంది.