జాలీ ముందు టిష్యూ కాగితం

ముల్లోకాలకూ ప్రాణాధారమైన వాయువు ఒక్క పడకగదిలో మాత్రం అడుగు పెట్టనని భీష్మించుకున్న ఒకానొక ప్రచండ మధ్యాహ్నవేళ, రోడ్డుదుమ్ముకు వెరచి కిటికీలన్నీ కవాటబంధనం చేసుకున్న రెండో అంతస్తు ఫ్లాటులో, మహాసంగ్రామం మొదలైంది.

ఆ గది వదినామరదళ్లది. మరదలికి దగ్గు. ఆమె కొడుకు పొద్దున్నే ఫోనులో శాసనం జారీ చేశాడు: "అత్తయ్యా, సాయంత్రానికల్లా ఆ గదిలో గాలాడకపోతే అమ్మని మా ఇంటికి తీసుకెళ్లిపోతా. ఇంక నన్నాపొద్దు." రైల్వే ప్లాట్‌ఫారాల మీద, ఆసుపత్రి గుమ్మాల దగ్గర ఎందరినో సాగనంపిన వదినగారికి, మరొకరికి చెయ్యి ఊపే ఓపిక లేదు.

అందుకే విచ్చేశాడు మెకానిక్కు, స్క్రూడ్రైవరఖడ్గధారి, టేపుకంకణభూషితుడు, నిచ్చెనారోహణధురంధరుడు. బయటి గాలిని వడగట్టి తెచ్చే కొత్త వెంటిలేషన్ పెట్టెను, ఇంటికంతటికీ వేడినీ చల్లదనాన్నీ పంచే సెంట్రల్ ఏసీ గొట్టంతో కలపడం అతని ప్రతిజ్ఞ.

"నేను బిగించానంటే గాలి బుద్ధిగా లైన్లో నిలబడుతుందమ్మా!" అని సింహనాదం చేసి, సీలింగుగర్భంలోకి నడుముదాకా ప్రవేశించి, సర్పాకారమైన గొట్టంతో పెనుగులాడి, దాని నోటిని పెట్టె నోటికి బంధించి, ధూళిధూసరితుడై దిగివచ్చి మీట నొక్కాడు. హాల్లో గాలి బయటికొచ్చే జాలీ ముందు పట్టిన టిష్యూ కాగితం నెమలిలా ఆడింది. పడకగదిలో పట్టినది అలిగిన అల్లుడిలా ఉలకలేదు, పలకలేదు. విప్పాడు, బిగించాడు, మళ్లీ టేపు చుట్టాడు. అంతే సంగతులు.

"మీ గదికి గాలంటే పడదేమోనమ్మా," అని అస్త్రసన్యాసానికి సిద్ధపడ్డాడు.

మంచం మీద మరదలు దగ్గుతూ బ్యాగు సర్దుతోంది. ఆ జిప్పు చప్పుడు వదినగారి చెవిలో శత్రుభేరిలా మోగింది. ఆమె కళ్లజోడు సవరించుకుని, స్టూలెక్కి, టిష్యూ కాగితాన్ని జాలీ ముందు పట్టి, గోడలు దద్దరిల్లేలా ప్రకటించింది: "వినుము సమీరణా! ఈ కాగితము కదిలినగాని నేనీ స్టూలు దిగను! నా మరదలిని ఈ గది నుండి కొనిపోగల మొనగాడింకా పుట్టలేదు!"

"పుట్టాడుగా వదినా, నా కడుపునే. ముందు దిగు, నడుం పట్టేస్తుంది."

వదినగారు దిగలేదు. జాలీ కంతల్లోంచి ఏదో ఆకుపచ్చగా తొంగిచూస్తోంది. మెకానిక్కు జాలీ విప్పగానే, చలికాలమంతా ఇల్లు తిరగేసినా దొరకని వదినగారి ఉన్ని స్వెటరు ధబ్బున ఆమె ముఖం మీదే పడింది.

"ఇది ఇక్కడికెలా వచ్చిందే?"

మరదలు బ్యాగులోకి చూస్తూ చెప్పింది. "ఎండాకాలం ఏసీ గాలి సూటిగా నీ మెడ మీదే కొట్టేది. రాత్రంతా మూలిగేదానివి. అందుకని కుక్కాను."

"మరి నాతోపాటు వెతికావే!"

"చెబితే తీయించేదానివిగా."

"నా మెడ కోసం నీ ఊపిరికే ఎసరు పెట్టుకున్నావా, మొద్దూ!"

"మధ్యలో నన్ను చంపారు కదమ్మా," అని మెకానిక్కు మీట నొక్కాడు.

జయము! జయము! దిక్పాలకులారా, చూడండి! టిష్యూ కాగితపు అంచు బొటనవేలి వెడల్పున పైకి లేచింది!

సాయంత్రం కారుతో దండెత్తి వచ్చిన మేనల్లుడు ఆ రెపరెపను తేరిపార చూసి, తాళాలు జేబులో వేసుకుని, కాఫీ అడిగాడు. మరదలి బ్యాగు అప్పటికే ఖాళీ. చల్లగాలి మళ్లీ సూటిగా మెడ మీద కొడుతుంటే, వదినగారు ఆ దుమ్ము స్వెటరునే మెడకు చుట్టుకుని, విజయశంఖం పూరించినట్టు తుమ్మింది.