పెసరబద్ద ఆగలేదు

నా బుగ్గ వాపు చూసి నవ్వుతున్నారు. నవ్వండయ్యా, ఫరవాలేదు. పన్ను పీకించుకున్నవాణ్ణి చూసి నవ్వడం ఈ ఊళ్ళో కొత్త కాదు. కానీ నేను పీకించుకున్నది పుచ్చు పన్ను కాదు. నిక్షేపంలాంటి పన్ను. అందులోనూ ఇది రెండోది.

ఇదంతా ఆ కారు వల్ల వచ్చింది. కారుకూ పంటికీ ఏమిటి సంబంధం అంటారా? అదే చెబుతున్నాను. గోపాలస్వామీ, నువ్వా పొడుం డబ్బీ లోపల పెట్టు. ఇప్పుడు తుమ్మితే నా ప్రాణం పోతుంది.

మా కనకవల్లి సంగతి మీకు తెలుసు. పాలవాడు నీళ్ళు కలిపితే వాడితో పోట్లాడుతుంది. కలపకపోతే, ఎందుకు కలపలేదా అని పొద్దంతా ఆలోచిస్తుంది. "వానికి మనతో ఏదో పని పడబోతా ఉంది, చూస్తా ఉండండి" అంటుంది. అలాంటి ఇంటికి నేను ఫ్రెంచి కారు తెచ్చాను.

పుదుచ్చేరిలో ఫ్రెంచి దొరలు పెట్టేబేడా సర్దుకుంటున్న రోజులవి. అక్కడొక దొర తన చిన్న కారును ఏదైనా మంచి ఇంట్లో ఇచ్చి పోవాలని చూస్తున్నాడని నా కక్షిదారు ఒకడు చెప్పాడు. వెళ్ళి చూశాను. పెసరపప్పు రంగు, గుండ్రటి వీపు, అమాయకంగా రెండు చిన్న దీపాలు. చిన్న కోర్టులో ఇన్నేళ్ళు వకీలుగా ఉండి ఎన్ని దొంగసాక్ష్యాలు పట్టుకున్నానో! ఆ దీపాల చూపును మాత్రం పట్టుకోలేకపోయాను. దాని అసలు పేరు పలకాలంటే ముక్కు మూసుకుని పలకాలి. అందుకని పెసరబద్ద అని మేమే పేరు పెట్టుకున్నాం.

తెచ్చి ఇంటి ముందు నిలిపేసరికి చింతాద్రిపేటలో మా వీధి వీధంతా మూగింది. కనకవల్లి హారతి పళ్ళెంతో వచ్చి, హారతి ఇవ్వకుండా, ముందున్న మూత ఎత్తి చూసింది.

"అయ్యో అయ్యో! ఈడ ఏమీ లేదే! ఒక చక్రం, ఒక గోనెసంచి! ఇంజను ఏది?"

"వెనకాల ఉంది."

"ముందు పెట్టాల్సింది వెనకాల ఎందుకు పెట్టినారు?"

"అది ఫ్రెంచివాళ్ళ పద్ధతి."

"పద్ధతి కాదు. వాడు ఏదో దాచను పెట్టినాడు. ఇంక ఏమేమి ఏడేడ పెట్టినాడో! సరి, మీరెందుకు ఆ పక్క కూచోనుండారు?"

"స్టీరింగు ఈ పక్కే ఉంది."

ఆవిడ కర్పూరం వెలిగించింది గానీ, ఆ హారతి బండికి ఇచ్చిందో నాకు ఇచ్చిందో తెలియలేదు.

స్టీరింగు ఎడమవైపు ఉండడంలో ఒక చిక్కుంది. కుడివైపు తిరగాలంటే చెయ్యి చాపాల్సింది పక్కన కూర్చున్న కనకవల్లి. ఎదురుగా వచ్చే బస్సు డ్రైవర్లు బండి ఆవిడే నడుపుతోందనుకునేవాళ్ళు. ఆవిడ జడలో పూలు సర్దుకోవడానికి రెండు చేతులూ ఎత్తినప్పుడల్లా పాపం దేవుణ్ణి తలుచుకునేవాళ్ళు.

చెన్నపట్నంలో ఇలాంటి బండ్లు ఉన్నవాళ్ళం ముగ్గురమే. ఆదివారం సాయంత్రాలు బీచి రోడ్డులో కలుసుకునేవాళ్ళం. "మీ బండి ఒంట్లో ఎలా ఉంది?" అని ఒకరినొకరు ఎంత ప్రేమగా అడిగేవాళ్ళమో! ఈ ఊళ్ళో దానికి సామాన్లు దొరకవు. ఒక బండి కన్ను మూస్తే తప్ప ఇంకో బండికి మందు లేదు. "దగ్గుతా ఉందా? అయ్యో పాపం" అని ఆ ముగ్గురిలో ఒకడైన కృష్ణస్వామి నా వీపు నిమురుతుంటే, ఆయన కళ్ళు నా కార్బురేటరు మీద ఉండేవి. నేనెప్పుడైనా పెసరబద్దను అమ్మాల్సి వస్తే కొనేవాడు ఆయనొక్కడే. కొన్న మర్నాటికి అది ముక్కలై ఆయన షెడ్డులో వేలాడుతుంది. ఆ సంగతి తలుచుకుంటేనే నాకు ముద్ద దిగదు.

ఒకరోజు ఆ గండం రానే వచ్చింది. పురసవాక్కంలో కనకవల్లి అన్న తిరువేంగడం ఇంట్లో సీమంతానికి బయలుదేరాం. ఆయనకు పెద్ద ఇంగ్లీషు కారు ఉంది, దానికి దాని కంటే పెద్ద హారను ఉంది. అందుకే చుట్టాలంతా ఆయన్ని బాకా తిరువేంగడం అంటారు. పెసరబద్ద సరిగ్గా వంతెన మీద నిలిచిపోయింది. కనకవల్లి పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపి వెనక నుంచి తోస్తుంటే, బాకా మోగింది.

"ఏం బావా, కారు కొన్నావా, తోపుడుబండి కొన్నావా?"

కనకవల్లి ఇంటికి వచ్చాక అమ్మవారి పటం ముందు కర్పూరం వెలిగించింది.

"చెయ్యి పెట్టి ఆర్పండి. ఇంకొక్క తడవ ఇది దోవలో ఆగితే అమ్మేస్తానని సత్యం చెయ్యండి."

మన ఇళ్ళలో కర్పూరం ఆర్పి చేసిన సత్యం అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. హైకోర్టు తీర్పుకైనా అప్పీలు ఉంది గానీ దానికి లేదు. ఏడుపు దిగమింగుకుని ఆర్పాను. చెయ్యి కాలింది.

కానీ వకీలు బుద్ధి ఊరుకుంటుందా? అది ఆగితే కదా అమ్మాలి! నేను ఆపితే? మనిషి తన బండిని తన ఇష్టమొచ్చిన చోట ఆపుకోకూడదని ఏ అమ్మవారూ అనలేదు. ఆ ఆలోచన వచ్చాక నాకు నేనే భుజం తట్టుకున్నాను.

మళ్ళీ ఆగింది, పూలబుట్టల వరస దగ్గర. అది ఇంకా దగ్గుతుండగానే నేను తలుపు తీసుకుని దిగేశాను.

"ఎందుకు ఆగింది?" అంది కనకవల్లి.

"ఆగలేదు. నేనే ఆపాను. నీకు మల్లెపూలు కొందామని."

"పెండ్లయినప్పటి నుంచి లేనిది, ఈ పొద్దు ఏమి వచ్చింది?" అని పూలను వాసన చూసింది. పూలు తాజావే. నా మొహం చూసింది. అది అంత తాజాగా లేదు. ఇంజను చల్లారి మళ్ళీ లేచేదాకా బేరం సాగదీశాను.

తర్వాత గుడి ముందు. "నేనే ఆపాను, దణ్ణం పెట్టుకుందామని." ఆ ఎండలో ఇంజను కరుణించేదాకా ప్రదక్షిణలు చేశాను. పూజారి నాకేదో పెద్ద కష్టం వచ్చిందనుకుని విడిగా ప్రసాదం పెట్టాడు. ఆ తర్వాత ఎవరిదో చావు ఇంటి ముందు. "నేనే ఆపాను, తెలిసినవాళ్ళు." ఎవరో ఏమిటో తెలియని పెద్దమనిషి కోసం కండువాతో కళ్ళు ఒత్తుకున్నాను. కనకవల్లి నన్ను చూసి, "ఆయన పేరేంది?" అని మెల్లిగా అడిగింది. దుఃఖం వల్ల గొంతు పెగలడం లేదని సైగ చేశాను.

ఇక ఆ మంగళవారం. చక్కగా పోతూ పోతూ ఉన్నట్టుండి నిలబడిపోయింది. చుట్టూ చూశాను. పూలు లేవు, గుడి లేదు, పాడె కూడా లేదు. ఒకే ఒక్క బోర్డు, దాని మీద పెద్ద పళ్ళ బొమ్మ.

"నేనే ఆపాను. పన్ను నొప్పి."

"అయ్యో, ఏ పన్నండీ? పొద్దున చెగోడీలు బాగా నమిలినారే!"

"ఆ చెగోడీల వల్లే."

నన్ను ఒక్కణ్ణే లోపలికి పోనిస్తే ఏదో మందు పూయించుకుని వచ్చేవాణ్ణి. ఆవిడ కూడా వచ్చి డాక్టరు పక్కనే నిలబడింది. ఏదో ఒక పన్ను చూపించక తప్పలేదు. ఆ డాక్టరు కొట్టి చూసి, "గట్టిగానే ఉందే?" అన్నాడు. "గట్టిగా ఉంది కాబట్టే నొప్పి" అన్నాను. పీకేశాడు. ఆ పన్ను చేతిలో పెట్టుకుని బయటికి వస్తే పెసరబద్ద ఒక్క పిలుపుకే లేచింది. ఆ రోజు దాన్ని తన్నాలనిపించింది. కానీ దాని దీపాల వైపు చూసి ఊరుకున్నాను.

ఆ పన్ను పోయినప్పటి నుంచీ కథ మారింది.

బండి చావు ఇళ్ళ దగ్గర ఆగడం మానేసింది. పట్టుచీరల కొట్టు ముందు ఆగింది. నేనే ఆపానన్నాను. వంకాయరంగు చీర వచ్చింది. పాత్రల కొట్టు ముందు ఆగింది. ఇత్తడి అండా వచ్చింది. మేము నగల వీధిలో తిరుగుతుంటే అన్ని కొట్లూ దాటి, మంచి పేరున్న కొట్టు ముందే ఆగింది. ముక్కుపుడక వచ్చింది. కోర్టుకు నేనొక్కణ్ణే పోయేటప్పుడు మాత్రం గుర్రంలా పరుగెత్తేది.

నాకు అనుమానం పట్టుకుంది. ముందు కృష్ణస్వామిని అనుమానించాను, ఏదో ఒక స్క్రూ వదులు చేసి పెడుతున్నాడని. తర్వాత బాకా తిరువేంగడాన్ని. ఆ తర్వాత చూలైలో మా మెకానిక్కు మాదయ్యను. ఏ పని ఇచ్చినా రేపంటాడు కాబట్టి వాణ్ణి రేపు మాదయ్య అంటాం. "దీంట్లో ఏముంది?" అని అడిగితే, "రేపు చూస్తా సామీ" అన్నాడు. వాడి మీద అనుమానం ఇంకా పెరిగింది.

అప్పుడు గమనించాను. కొట్ల ముందు ఆగేటప్పుడు మాత్రమే వెనక నల్లటి పొగ, గుప్పున పెట్రోలు వాసన. ఆ బండిలో రెండు సీట్ల మధ్య కింద చోకు అని చిన్న పిడి ఉంటుంది. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు అది లాగాలి. వేడి మీద లాగితే పెట్రోలు ఎక్కువై ఇంజనుకు పొలమారి ఆగిపోతుంది. ఈ మధ్య ఆ పిడి నాకు కనబడడమే లేదు. దాని మీద ఎప్పుడూ కనకవల్లి చీరకొంగు పరిచి ఉంటోంది.

దొంగను దొంగతనం చేస్తుండగానే పట్టుకోవాలి. బాగా ఆలోచించి, ఊరి బయట మనలి వైపు ఒక కక్షిదారు పొలం చూసొద్దాం రమ్మన్నాను. ఆ దోవలో కొట్టు లేదు, గుడి లేదు, మనిషి లేడు. అక్కడ బండి ఆగకపోతే, ఇన్నాళ్ళూ ఆపింది కనకవల్లే అని తేలిపోతుంది. నాకు తెలియకుండానే ఈల వేస్తూ నడిపాను.

బీడు మధ్యలో, రెండు గేదెల ఎదురుగా, నల్లటి పొగ వచ్చింది. పెసరబద్ద ఆగింది.

"ఎందుకు ఆపినారు?" అంది కనకవల్లి.

నేను చీరకొంగు పట్టుకుని ఎత్తాను. చోకు పిడి పూర్తిగా పైకి లాగి ఉంది. దాని మీద ఆవిడ వేళ్ళు ఉన్నాయి.

"దొరికావు! నువ్వే ఆపావు! నేను కాదు!"

కనకవల్లి చెయ్యి తీయలేదు. కొత్త ముక్కుపుడక తళుక్కుమనేలా నా వైపు తిరిగింది.

"ఓహో. మీరు కాదా? సరి. అయితే చీరల కొట్టు కాడ కూడా మీరు ఆపలేదు."

"లేదు! అది కూడా నువ్వే!"

"అప్పుడు 'నేనే ఆపాను' అని మీరు అబద్ధం చెప్పినారు."

"అంటే..."

"చీరల కొట్టు కాడ అబద్ధం చెప్పిన మనిషి పూల కాడ నిజం చెప్పినాడా? గుడి కాడ? పండ్ల డాక్టరు కాడ? అప్పుడు నేను దీన్ని ముట్టుకోను కూడా లేదే! మరి అదంతా ఎవరు ఆపినారండీ? కర్పూరం ఇంట్లోనే ఉంది. కృష్ణస్వామికి కబురు పంపిద్దామా?"

ఎన్ని కేసులు వాదించాను! గేదెలు రెండూ నా సమాధానం కోసం చూస్తున్నాయి.

"లేదు కనకం," అన్నాను చివరికి. "అన్ని తడవలూ నేనే ఆపాను. ఇప్పుడు కూడా."

"ఎందుకు?"

"గేదెలను చూద్దామని."

"చూడండి బాగా," అని ఆవిడ తలుపు తీసుకుని దిగి, చుట్టూ తిరిగి నా పక్కకు వచ్చింది. "జరగండి ఆ తట్టుకు."

"నీకు నడపడం వచ్చా?"

"చోకు సంగతి ఎవరు చెప్పినారు? మిగతాది కూడా మీరే చెప్తా ఉండారు కదా, దినామూ, ఎవరూ అడక్కుండానే. మంచి పన్ను పీకించుకున్నారే, ఆ పొద్దే నాకు తెలిసిపోయింది మీకు దీని మీద ఎంత పిచ్చో. సరి, దీంట్లో ఏముందో మనమూ చూస్తామని చూసినా." లోపలికి ఎక్కి స్టీరింగు పట్టుకుంది. "నిండా బాగానే ఉంది బండి."

చోకు నొక్కింది, పెడలు తొక్కింది, లేపింది. ఆ రోజు నుంచి కుడివైపు కూర్చుని చెయ్యి చాపే పని నాది.

ఇక ఈ రెండో పన్ను. నిన్న సాయంత్రం కనకవల్లి నడుపుతోంది. బండి నిజంగానే ఆగిపోయింది. చోకు మీద ఎవరి చెయ్యీ లేదు, ప్రమాణంగా చెబుతున్నాను. ఆవిడ ఎన్నిసార్లు లేపినా లేవలేదు. నాకు లోలోపల సంతోషం వేసింది. ఇప్పుడేం చెబుతావమ్మా అని చేతులు కట్టుకుని కూర్చున్నాను. అప్పుడే వెనక బాకా మోగింది. తిరువేంగడం తన కారులోంచి తల బయటపెట్టాడు.

"ఏం చెల్లీ, ఆగిపోయిందా? దిగు దిగు. తోపించుకో!"

కనకవల్లి మొహం ఎర్రబడింది. నా వైపు చూసింది. అప్పుడు రోడ్డుకు అటుపక్క చూసింది. నేనూ చూశాను. పెద్ద పళ్ళ బొమ్మ.

"ఆగలేదన్నా. నేనే ఆపినా. మీ బావకు పన్ను నొప్పి."

కాదంటే ఏమవుతుంది? బండి ఆగినట్టవుతుంది. ఆగితే కర్పూరం, కర్పూరమైతే కృష్ణస్వామి. ఆవిడ కళ్ళలో మొదటిసారి అనుమానం లేదు. భయం ఉంది. పెసరబద్ద పోతుందేమోనని నాకున్న భయమే. నేను బుగ్గ పట్టుకుని దిగాను.

"అయ్యో బావా, నేను పట్టుకుంటా రా," అని తిరువేంగడం వచ్చి నా తల గట్టిగా పట్టుకున్నాడు. డాక్టరు నన్ను గుర్తుపట్టి, "ఈ పక్కదీ గట్టిగానే ఉందే?" అన్నాడు. నేను కళ్ళు మూసుకుని నోరు తెరిచాను.

అదిగో, మా పెసరబద్ద హారను వినిపిస్తోంది. వస్తానయ్యా. ఈ సందు చివర కుడివైపు తిరగాలి, నేను చెయ్యి చాపకపోతే ఆవిడకు కుదరదు.