అంగుష్ఠవిజయము

సూర్యుడు నడినెత్తిన నిలిచి వీధులను వేపుడు చేయుచుండ, సీలింగు ఫ్యాను ‘తిరుగుదునా, మానుదునా’ యని మీమాంసలో పడియుండ, ఎడిటింగు గదియను రణరంగమున, బల్లపరుపు వీడియోలకు లోతునొసగి త్రీడీ బొమ్మలుగా లేపు విద్యయందు ఆరితేరిన మౌసాయుధధారిణి చేతులు ముడుచుకొని కూర్చుండెను. పక్కన ఆమె తల్లి, త్రీడీ కళ్లద్దాలను కవచమువలె ముందే ధరించి, కీర్తిశేషుడైన భర్త నవ్వును ఒక్కమారు ఎదుటనున్నట్లు చూడ వేచియుండెను. అడ్డముగా మేనమామ! ఇరువదేండ్ల క్రిందట ఆ వీడియో తీసిన కెమెరావీరుడు, హక్కులకును చిక్కులకును ఏకైక స్వామి. అతని అనుమతిపత్రము లేనిదే మీట నొక్కరాదని దుకాణపు శాసనము.

“బొమ్మలో ఉన్నది బావగారే. కానీ బొమ్మ నాది! చదునుగా తీశాను, చదునుగానే చూడండి!” అని అతడు గర్జించెను.

“అడగడానికేగా పిలిచింది మామయ్యా! సంతకం పెట్టు. కాకపోతే మూలన నీ బొటనవేలు అడ్డొచ్చింది. త్రీడీలో అది అమ్మ కంట్లో పొడుస్తుంది. చెరిపేస్తాను.”

అంగుష్ఠాభిమానధురంధరుని మీసములు నిక్కబొడుచుకొనెను. “అది చెరిపితే నా పనితనం చెరిపినట్టే! లోతు పెడితే పెట్టుకో. నా వేలి జోలికెళ్లావో, సంతకం లేదు!”

“పనితనమా, పరధ్యానమా?”

కుర్చీలు కిర్రుమనెను. పత్రము బల్లపై అటునిటు పరుగులిడెను. అంతట తల్లి, కళ్లద్దాలు తీయకయే పలికెను:

“ఉండనివ్వవే. ‘వేలు తియ్యరా బామ్మర్దీ’ అంటూనే కదే మీ నాన్న అంత నవ్వింది! అది లేకపోతే ఆ నవ్వెందుకో ఎవరికి తెలుస్తుంది?”

మౌసాయుధధారిణి పత్రమును మేనమామ ముందుకు జరిపెను. మేనమామ ముక్కు తుడుచుకొని కలము దూసెను. కలము వ్రాయలేదు. విదిలించెను, వ్రాయలేదు. ఆవిరి ఊదెను, ఊహూ! తుదకు దుకాణపు స్టాంపు ప్యాడుపై అదే బొటనవేలినద్ది, పత్రముపై పిడుగువలె మోపెను.

మూడు గంటల లోతుపని పిమ్మట తెర వెలిగెను. గుమ్మడికాయంత వేలు తల్లి ముక్కుపైకి దూకెను!

“తప్పుకోరా తమ్ముడూ!” అని ఆమె గాలిని నెట్టెను. వెనుకనున్న మేనమామ నిజముగానే కుర్చీ జరుపుకొనెను. ఆమె తల వంచి, వేలి వెనుక, చేయి చాచినంత దూరమున, ఆ నవ్వును చూచెను.

వినుడు జనులారా! ఆ దినమున కోటలు కూలలేదు, కిరీటములు దొరలలేదు. పదకొండు క్షణముల నవ్వొకటి లోతు గెలుచుకొనెను. దానిపై సర్వహక్కులును సిరా వదలని ఒక బొటనవేలివి!