టైలరుగారి టమాటా మొక్క

"ఓడినవాళ్లు ఏడాదంతా గిన్నెలు కడగాలి, సరేనా?" అని పందెం వేసి టైలరుగారి భార్య పుట్టింటికి వెళ్లింది. బాల్కనీలో రెండు కుండీలు, రెండు టమాటా మొలకలు. కుడివైపుది ఆయనది, ఎడమవైపుది ఆవిడది. ఆవిడ తిరిగొచ్చేసరికి ఎవరి మొక్క బాగుంటే వాళ్లు గెలిచినట్టు. రెండింటికీ నీళ్లు పోసే పని మాత్రం ఆయనదే.

ఇంకేం, టైలరుగారికి కడుపు నిండిపోయింది. అది అంత తేలిగ్గా నిండే కడుపు కాదు. ఏది వడ్డించినా మళ్లీ కంచం చాపుతాడని దుకాణంలో అందరూ ఆయన్ని 'రెండోసారిగారు' అంటారు.

తన మొక్కనూ అలాగే పెంచాడు. పొద్దున యూరియా, సాయంత్రం మళ్లీ యూరియా. ఆవిడ మొక్కకు ఉత్త నీళ్లు. తనది భుజాలదాకా ఎదిగింది, ఆవిడది మోకాలు దాటలేదు. ఫోనులో మాత్రం గుట్టు విప్పలేదు. ఆవిడ వచ్చి చూసి కళ్లు తేలేయాలని ఆయన ఆశ.

కుట్టుపని ఎక్కువై రెండు రోజులు బాల్కనీ వైపు పోలేదు. తీరా ఆవిడ వచ్చే రోజు తలుపు తీసి తనే కళ్లు తేలేశాడు. పెద్దమొక్క ఒళ్లంతా నల్లమచ్చలు! పక్కనున్న బక్కదాని మీద ఒక్క మచ్చ లేదు.

"ఓరి దేవుడో! మేపినదానికి రోగం, మాడ్చినదానికి ఆరోగ్యమా!"

కాస్త తేరుకుని, కుండీలు చటుక్కున అటుది ఇటు, ఇటుది అటు మార్చేశాడు.

భార్య వెంట అత్తగారూ దిగింది. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన మనిషి. పెద్దమొక్క ఆకు తిప్పిచూసి నిట్టూర్చింది.

"యూరియా మరీ ఎక్కువైంది. రోగాన్ని తరిమే మందులు మొక్కలు ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. ఇదేమో ఉన్న శక్తంతా ఆకులు పెంచడానికే పెట్టింది, మందులకు ఏమీ మిగల్లేదు. ఈ చిన్నది మితంగా తిని జాగ్రత్తపడింది. ఎవరిదిది?"

"నాదే అత్తయ్యగారూ! మితంగా పెడితేనే ఆరోగ్యమని మొదట్నుంచీ నా సిద్ధాంతం."

"మరి నాదానికి అంత యూరియా ఎందుకు వేశారు?" అంది భార్య.

"నీమీద ప్రేమకొద్దీ..."

"ఏవండీ, మీది అనుకున్నదాన్ని మీరు పస్తు పెట్టారంటే నేను నమ్మాలా?"

దొరికిపోయానని టైలరుగారికి అర్థమైంది. నిజం ఒప్పుకుందామని నోరు తెరిచేలోపే ఆవిడ నవ్వేసింది.

"సరే, మీరే గెలిచారు. అమ్మ ముందు చెప్పిన సిద్ధాంతం కదా, ఇవాళ్టినుంచి ఇంట్లోనూ అదే అమలు." ఆయన మెడలో టేపు లాగి ఆయన నడుమే కొలిచింది.

భోజనానికి కూర్చుంటే కంచంలో రెండే ముద్దలు. అవి మింగి, అలవాటుగా కంచం చాపాడు. గిన్నె అప్పటికే బోర్లించి ఉంది.

"ఇంతేనా!" అన్నాడు అదిరిపడి.

"ఇంతే. ఏడాదంతా గిన్నెలు కడగాల్సింది నేనే కదండీ, ఎక్కువెందుకు వండుతాను?"