కర్నల్ గారి శకునం

ఆ గురువారం పొద్దున ఆత్మకూరులోని ఆ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: కిరాణా కొట్టు నాగసుబ్బయ్య, ఆయన భార్య నాగలత, పదో తరగతి చదివే వాళ్ల కూతురు నాగశ్రీ, నాగసుబ్బయ్యను కన్న డెబ్బై ఆరేళ్ల అవ్వ రాజ్యలక్ష్మమ్మ, పోయిన ఏడాది పట్టాళం నుంచి రిటైరై వచ్చిన నాగశ్రీ చిన్నాయన కర్నల్ మురళి, ఆయన్ని తీసుకుపోవడానికి కర్నూలు నుంచి వచ్చిన పార్టీ మనిషి బసవరాజు, డ్రైవరు దాసన్న. వీళ్లు కాక సరుకుల గదిలో పద్నాలుగు బస్తాల ఎండు మిరపకాయలు. మిరపకాయలను మనుషుల లెక్కలో ఎందుకు కలపాలంటే, ఆ పూట అందరికంటే ఎక్కువ పని చేసింది అవే.

పదకొండు గంటలకు కర్నూలులో సభ. అక్కడ మురళి ఆచార పరిరక్షణ పార్టీ కండువా కప్పుకోవాలి. కప్పుకుంటే వచ్చే ఎన్నికల్లో టికెట్టు దాదాపు ఖాయం. పాత పద్ధతులు పోకూడదు, పెద్దల మాట దాటకూడదు అన్నది ఆ పార్టీ సిద్ధాంతం. తక్కెడ పట్టాల్సిన ఇంట్లో పుట్టి తుపాకి పట్టిన మురళికి ఆ మాట నచ్చింది. "పట్టాళంలో క్రమశిక్షణ, ఈడ ఆచారం. పేరే మారింది వదినా, పని అదే" అని నాగలతతో రోజూ అనేవాడు. ఆ పని అంత సులభం కాదని ఆ పొద్దున తెలిసింది.

"సరిగ్గా ఎనిమిదీ నలభై రెండుకు గడప దాటల్ల సార్" అన్నాడు బసవరాజు. "మీరు దాటంగానే నిండు బిందెతో కన్నెపిల్ల ఎదురు రావల్ల. ఆ తర్వాత చూడండి మన దశ!"

ఇంట్లో కన్నెపిల్ల ఒక్కతే. బడిలో హాజరు పిలిస్తే ఎంత మెల్లగా పలుకుతుందంటే, ఆ పిల్లకు నెలకు నాలుగు రోజులు గైరు హాజరు పడుతుంది. ఇద్దరికంటే ఎక్కువ మంది ఉన్న చోట ఆమె గొంతు లేవదు. చెప్పాలనుకున్నవన్నీ డైరీలోకి పోతాయి.

కర్నల్ క్యాలెండరు కాగితం చింపి వెనకవైపు మ్యాపు గీశాడు. "ఇది గడప. ఇది వీధి కొళాయి. నాగశ్రీ, కొళాయి దగ్గర నీ పొజిషన్. నేను గడప దాటంగానే మూవ్. ముప్పై అడుగులు. మొగంలో నవ్వు ఉండల్ల. అర్థమాయనా?"

నాగశ్రీ తల ఊపింది.

"గట్టిగా చెప్పు!"

"అయింది చిన్నాయనా." ఆ మాట పక్కనున్న చీమకు వినపడి ఉంటుంది.

బసవరాజు గొంతు సవరించుకున్నాడు. "ఇంగొక మాట సార్. పెద్దమ్మ కొంచేపు లోపల ఉంటే బాగుంటాది. ఒంటరి ఆడమనిషి ఎదురొస్తే మా వాళ్లకు శానా పట్టింపు."

మురళికి పదేళ్లప్పుడే వాళ్ల నాయన పోయాడు. కర్నల్ మ్యాపులో అప్పటికే గీసిన గీతనే మళ్లీ గీశాడు. అవ్వ మాత్రం తనే లేచింది. "నేనేమన్నా పిల్లినా అడ్డమొచ్చేకి? పోతాలేప్పా. నాగీ, తలుపెయ్యే" అంటూ సరుకుల గదిలోకి నడిచింది.

నాగశ్రీ తలుపు దగ్గరికి వేసింది, గొళ్లెం పెట్టలేదు. ఆమెకు తెలిసిన సంగతి ఒకటుంది. ఇరవై ఎనిమిదేళ్ల పాటు, లీవు అయిపోయి మురళి బయలుదేరిన ప్రతిసారీ గడప ముందు ఎదురొచ్చింది అవ్వే. చేతిలో చెనిక్కాయల ఉండ, అంటే వేరుశెనగ బెల్లం ఉండ, పెట్టి "పోయిరా" అనేది. ఆయన మంచుకొండలకు పోయాడు, ఎడారికి పోయాడు. ప్రతిసారీ చెక్కుచెదరకుండా వచ్చాడు. ఆ మాట చెప్పాలని నాగశ్రీ వెనక్కి తిరిగింది. నడవలో ఐదుగురు ఉన్నారు. బిందె తీసుకుని కొళాయి దగ్గరికి పోయింది.

ఎనిమిదీ నలభై రెండుకు కర్నల్ గడప దాటాడు. నాగశ్రీ బిందెతో పది అడుగులు చక్కగా నడిచి తలెత్తింది. కర్నల్‌ని సాగనంపడానికి వీధి వీధంతా వచ్చి నిలబడి ఉంది. అన్ని కళ్లూ ఆమె మీదే. ఆమె గిరుక్కున వెనక్కి తిరిగి, వచ్చిన దానికంటే వేగంగా పోయింది.

"అయ్యయ్యో! శకునం ఎనిక్కి పాయ!" అని బసవరాజు తల పట్టుకున్నాడు. "సార్, లోపలికి రాండి. కాళ్లు కడుక్కోని, కూచోని, చెంబెడు నీళ్లు తాగి మళ్లా బయల్దేరల్ల. అదీ పద్ధతి."

కర్నల్ కాళ్లు కడుక్కున్నాడు, కూర్చున్నాడు, నీళ్లు తాగాడు. ఈసారి నాగశ్రీ తల వంచుకునే నడిచింది. తల వంచుకుంటే జనం కనపడరు గానీ, నిండు బిందెకు స్వాగతం చెప్పడానికి ఎదురొచ్చిన బసవరాజు కూడా కనపడలేదు. గుద్దుకుంది. బిందెడు నీళ్లూ ఆయన తెల్ల పంచె మీద పడ్డాయి.

పంచె సంగతి ఆయన పట్టించుకోలేదు. "ఖాళీ బిందె ఎదురొచ్చె సార్! దీనికంటే అపశకునం ఉండాదా? లోపలికి, లోపలికి!"

రెండో చెంబు. ఇంతలో కొళాయి ఆగిపోయింది. ఆ వీధికి నీళ్లొచ్చేది పొద్దున రెండు గంటలే. "మన సరుకుల గదిలో వాటర్ క్యాను ఉండాది, మిరపకాయల బస్తా ఎనక" అన్నాడు నాగసుబ్బయ్య. దాసన్న గదిలోకి పోయి, "పెద్దమ్మా, కొంచెం జరుగు" అని బస్తాను గుంజాడు. క్యాను వచ్చింది. క్యానుతో పాటు మిరప ఘాటూ వచ్చింది.

బిందె నిండింది. కర్నల్ మూడోసారి కాలెత్తి గడప అవతల పెట్టబోయాడు.

"హాచ్!" అన్నాడు దాసన్న.

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. ఒంటి తుమ్ము! బయలుదేరేటప్పుడు ఒక్క తుమ్ము తుమ్మితే ఆ పని మీద ఆశ వదులుకోవాల్సిందే. వెంటనే రెండోది పడితే దోషం లేదు.

"ఇంగోటి తుమ్మప్పా దాసన్నా!" బసవరాజు చేతులు జోడించాడు.

"రాలేదన్నా."

"ఎట్లన్నా చేసి తుమ్ము! సార్ కాలు నొస్తాంటాది!"

తమ్ముడి కష్టం చూడలేక నాగసుబ్బయ్య గదిలోకి ఉరికి, గుప్పెడు మిరపకాయలు తెచ్చి దాసన్న ముక్కు దగ్గర నలిపాడు. అప్పుడే గాలి తిరిగింది. దాసన్న తుమ్మాడు, నాగలత తుమ్మింది, బసవరాజు తుమ్మాడు, కర్నల్ ఒంటికాలి మీదే తుమ్మాడు, చివరికి వీధిలో జనం కూడా తుమ్మడం మొదలుపెట్టారు.

"టోటల్ ఎంత?" అని అరిచాడు కర్నల్. "సరియా, బేసియా?"

"పందొమ్మిది సార్!" అన్నాడు బసవరాజు.

"కాదప్పా, ఇరవై. నేను ఏళ్లు మడిచినా" అంది నాగలత.

గదిలో నుంచి అవ్వ గొంతు వినిపించింది. "నేను రెండు తుమ్మినా. నావి కలుపుకుంటారా, ఒద్దా?"

మూడో చెంబు చేతిలో పట్టుకుని కర్నల్ కుర్చీలో కూలబడ్డాడు. గంట పదిన్నర కావస్తోంది. కర్నూలు నుంచి ఫోను మోగుతూనే ఉంది. అందరి కళ్ల నిండా నీళ్లు. ఎవరికీ ఎవరూ కనపడటం లేదు.

అంటే నాగశ్రీ కూడా ఎవరికీ కనపడటం లేదు.

"చిన్నాయనా" అంది. ఆ గొంతు ఎవరిదో ముందు ఎవరికీ తెలియలేదు. "ఇన్నేండ్లూ నీకు ఎదురొచ్చింది అవ్వే గదా. నువ్వు ఎప్పుడన్నా తిరిగి రాకుండా ఉండావా?"

తుమ్ములు కూడా ఆగిపోయాయి. కర్నల్ చెంబు కింద పెట్టాడు. లేచి పోయి సరుకుల గది తలుపు తనే తీశాడు. టికెట్టు పోతే పోయిందని ఆయన ముఖంలోనే తెలిసింది.

"అమ్మా, లీవు అయిపాయ. పోయొస్తా."

"ఉండు, ముక్కు తుడుచుకోనీ" అంది అవ్వ. కొంగు ముడి విప్పి చెనిక్కాయల ఉండ తీసింది. "పొద్దుట్నుంచీ పట్టుకోని కూచున్నా. బెల్లమంతా కొంగుకే అంటుకొనింది."

అవ్వ గడప ముందుకు ఎదురొచ్చింది. ఉండ చేతిలో పెట్టి "పోయిరా నాయనా" అంది. కర్నల్ సెల్యూట్ కొట్టి కారెక్కాడు. బసవరాజు రెండు చేతులతో మొగం కప్పుకుని, "నేను చూళ్లేదు సార్, నేనేమీ చూళ్లేదు" అంటూ తడుముకుంటూ వెనక సీట్లో పడ్డాడు.

సాయంత్రం కారు తిరిగొచ్చింది. తర్వాతి కథ దాసన్న చెప్పాడు. నందికొట్కూరు దాటగానే ఫోనొచ్చిందట. పదకొండు గంటలకు పెద్ద గాలి లేచి స్టేజీ కూలిపోయింది. కొత్త నాయకుడు రానిదే ఎవరూ ఎక్కకూడదని ఆచారం కాబట్టి ఎవరూ ఎక్కలేదు, ఎవరికీ గీరుకుపోలేదు. కర్నల్ కోసం వేసిన కుర్చీ మాత్రం ఇనప కడ్డీ కింద పడి అప్పచ్చయింది. ఆయన నేల మీద నిలబడే కండువా కప్పుకున్నాడు.

బసవరాజు దిగీదిగగానే అవ్వ కాళ్ల మీద పడ్డాడు. "తల్లీ, నువ్వు ఎదురొచ్చినందుకే మేం బతికినాం!"

"పొద్దున మొగం కప్పుకుంటివి గదప్పా?"

"ఏళ్ల సందులో నుంచి చూసినా తల్లీ. కొంచెం పుణ్యం నాకూ ఉండల్ల గదా."

బసవరాజు నోట్లో పడిన మాట జిల్లా దాటడానికి వారం పట్టలేదు. పార్టీలో ఎవరు ఏ పనికి బయలుదేరినా ముందు ఆత్మకూరుకు కారొచ్చేది. అవ్వ రెండు కొత్త తెల్లచీరలు తెప్పించుకుంది. ఎవరికి ఏ రోజు ఎదురు రావాలో గుర్తుండటం లేదని నాగశ్రీ చేతిలోని డైరీ లాక్కుంది. "నీ రాతలు మళ్లా రాసుకుందువులే" అంది.

మరుసటి నెల ఒక పొద్దున రాయచోటి నుంచి ఒకామె వచ్చింది. ఆమె నామినేషను వెయ్యడానికి పోతోంది. సరిగ్గా ఆమె గడప దాటే వేళకు నాగశ్రీ బడి సంచి భుజానికి తగిలించుకుని నడవలోకి వచ్చింది. చెయ్యి ఊగితే, మధ్యాహ్నం బడి భోజనానికి పట్టుకుపోతున్న ఖాళీ టిఫిను గిన్నె గలగలమంది.

"ఆగే నాగీ!" అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "ఖాళీ గిన్నె పట్టుకోని ఎదురొస్తావా? ఆయమ్మ శుభమా అని పోతాంటే! కొంచేపు లోపలుండు" అని మనవరాలిని సరుకుల గదిలోకి నెట్టి, తలుపు వేసింది.

మిరపకాయల బస్తాల మధ్య నిలబడి నాగశ్రీ ఒకే ఒక్కసారి తుమ్మింది.