ప్యాంటంచు పరిరక్షణ పర్వము

కుక్కపిల్లను మనసార ముద్దాడి, చేతులార కరిపించుకొన్న సమస్త సజ్జనులారా, ఆలకింపుడు! మార్తాండుడు నడినెత్తికెక్కి, వీధిలోని నీడలన్నియు గుమ్మముల క్రిందికి ముడుచుకొన్న ఒకానొక మధ్యాహ్నమున, కత్తెరధారియు, కాజాకోవిదుడును, వ్రేలివ్రేలికి ప్లాస్టరు దాల్చినవాడును అగు దర్జీ మహావీరుడు, మిషను తొక్కవలసిన పాదములను బల్లమీదికి ముడుచుకొని కూర్చుండెను.

ఏలయనగా, క్రింద బుడంకాయ సంచరించుచుండెను.

సూచీముఖదంతయు, పాదరక్షాభక్షణదక్షయు అగు ఆ కుక్కపిల్ల ఇంటికి వచ్చి ఇంకను వారము కాలేదు. అది కరచినప్పుడెల్ల దర్జీ కెవ్వుమని చేయి లాగుకొనును. అది ఆట కాబోలునని బుడంకాయ ద్విగుణోత్సాహముతో లంఘించును.

అంతట గృహలక్ష్మి వాకిట నిలిచి శాసించెను: "సాయంత్రం మేనేజరుగారు ప్యాంటు తొడిగి చూసుకోవడానికొస్తారు. దానిమీద పంటిగాటు పడిందా, దీన్ని ఇచ్చినవాళ్లకే తిరిగిచ్చేస్తాను. ఎన్నింటికని అతుకులేస్తారు?"

కరచినను, గిల్లినను, నిద్ర వచ్చినప్పుడు తన పాదముమీదనే తల వాల్చు ఆ ప్రాణిని విడిచి మన వీరుడు ఉండలేడు. వెంటనే అక్కగారికి ఫోను చేసెను.

శునకపోషణమున తల నెరసిన అక్కగారు వచ్చి, బల్లమీది తమ్ముని ఎగాదిగా చూచెను.

"ఆడుకోడానికి బొమ్మ కూడా కుట్టిచ్చానక్కా! అయినా ఆగట్లేదు," అని వాపోవుచు దర్జీ ఒక గుడ్డ ఎముకను చూపెను. ఆహా, ఏమి దాని కుట్టు! ఏమి దాని లైనింగు!

అక్కగారు దానిని తడిమెను. "ఏం గుడ్డరా ఇది?"

"ప్యాంటు గుడ్డే. మిగిలిన ముక్కలు పారేయడమెందుకని..."

"ఒరే మొద్దూ! ప్యాంటు గుడ్డ నోటికిచ్చి నమలమన్నావు. ఇక ప్యాంటు కనబడితే నమలక ఇస్త్రీ చేస్తుందా?"

"బాగా అడిగారు వదినా!" అని వంటింటినుండి జయధ్వానము వినవచ్చెను.

అక్కగారు సంచిలోనుండి ముడులు వేసిన తాడు తీసి ఉపదేశించెను: "పళ్లు తగిలితే అరవకు, లాక్కోకు. కదలకుండా ఉండి ఈ తాడు అందించు. పట్టుకుంటే మెచ్చుకో. అప్పటికీ కొరికితే లేచి అవతలికి పో, ఆట ఆగిపోతుందని దానికే తెలుస్తుంది. ముందు కాసేపు పడుకోనీ. నిద్ర చాలకపోతే పిల్లలైనా ఇంతేగా!"

సాయంత్రమయ్యెను. మేనేజరు ప్యాంటు తొడిగి స్తంభమువలె నిలిచెను. దర్జీ నోట గుండుసూదులు కరచిపట్టి, మోకరిల్లి, అంచు మడచుచుండగా, నిద్రలేచిన బుడంకాయ వచ్చి ఆతని బొటనవ్రేలిని గ్రహించెను! నోట సూదులుండుటచే అరచుట అసాధ్యము; అక్కయాజ్ఞచే లాగుకొనుట నిషిద్ధము. వీరుడు కన్నీరు కార్చుచు శిలయై నిలిచి, రెండవ చేతితో తాడు చాచెను.

బుడంకాయ వ్రేలిని వదలి, ప్యాంటంచును వాసన చూచెను. నోరు తెరచెను. వంటింటి గుమ్మమున గృహలక్ష్మి గరిటెతో సహా తొంగిచూచెను. అంతలో తాడు కదలగా, అది గిరుక్కున తిరిగి తాడును కరచెను!

"అలా ఏడుస్తారేంటండీ? పొడవు సరిపోయిందిగా!" అని మేనేజరు కంగారుపడెను.

"సరే, దీన్ని ఉండనీండి," అని గృహలక్ష్మి తీర్పు చెప్పెను. "చెప్పులు మాత్రం అటకమీద పెట్టండి."

జయము! ఒక ప్యాంటంచు అక్షతముగా నిలిచెను! విజేత ఉభయపాదములను నిర్భయముగా నేల మోపి మిషను ముందు ఆసీనుడాయెను. కాని బుడంకాయ అప్పటికే తాడు కరచుకొని, మిషను తొక్కుడుపలకమీద నిద్రించుచుండెను. ఆ సాయంత్రము మరి కుట్టు సాగలేదు.